స్టేషన్ నేలలోకి... ఖర్చు నింగిలోకి!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. స్టుట్‌గార్ట్ జనాన్ని కదిపితే ఈ రెంటి పక్కన మూడోది కూడా చేరుస్తారు... రైల్వే స్టేషన్ కట్టి చూడు!

ఊరి నడిబొడ్డున ఉన్న పాత స్టేషన్‌ను భూమి లోపలికి దించాలన్న ఆలోచనను 1994లో ప్రకటించారు. పేరు 'స్టుట్‌గార్ట్ 21'. రైళ్లు వచ్చి ఆగిపోయి, మళ్లీ వెనక్కి వెళ్లే పద్ధతి పోయి, నేల కింద ఎనిమిది లైన్ల మీద ఇటు నుంచి అటు దూసుకుపోవాలన్నది ప్లాను. 1995లో వేసిన లెక్క ప్రకారం అయ్యే ఖర్చు సుమారు 250 కోట్ల యూరోలు. 2009లో సంతకాలు పెట్టేనాటికి పరిమితి 452.6 కోట్లయింది. 2013లో 650 కోట్లు. 2018లో 820 కోట్లు. 2022లో 915 కోట్లు. 2023 ఆఖరుకు 1,100 కోట్ల యూరోలు! మన రూపాయల్లో లక్ష కోట్ల పైమాటే. తడిసి మోపెడు కావడమంటే ఇదే కాబోలు.

పోనీ, రైళ్లయినా తిరుగుతున్నాయా అంటే అదీ లేదు. 2010 ఫిబ్రవరిలో పనులు మొదలుపెట్టినప్పుడు 2019లో ప్రారంభం అన్నారు. ఆ తర్వాత 2021 అన్నారు, 2024 అన్నారు, 2025 అన్నారు, 2026 డిసెంబర్ అన్నారు. 2025 నవంబర్‌లో ఆ తేదీ కూడా కుదరదని రైల్వే సంస్థ డాయిష్ బాన్ చేతులెత్తేసింది.

ఈ గొడవతో మనకేం పని? ఉంది. స్టుట్‌గార్ట్, దాని చుట్టుపక్కల సిండెల్‌ఫింగెన్, ఫాయర్‌బాఖ్, గెర్లింగెన్ లాంటి చోట్ల ఆఫీసుల్లో పనిచేసే మన ఇంజనీర్లలో చాలామంది ఏదో ఒక ప్రాజెక్టుకి ఏదో ఒకటి కొనిపెట్టే పనిలోనే ఉంటారు. దుబాయ్, దోహా, రియాద్ సైట్లలో స్టోర్ కీపర్లుగా, పర్చేజ్ అసిస్టెంట్లుగా ఉన్న మనవాళ్లకూ ఇదే బతుకు. ఎవరి దగ్గర కొనాలి, ఏం రాసుకోవాలి, ధర పెరిగితే ఎవరు భరించాలి... ఈ ప్రశ్నలు స్టేషన్‌కైనా ఒకటే, స్టోర్‌రూంకైనా ఒకటే.

పొదుపరుల ఊళ్లో...

స్టుట్‌గార్ట్ ప్రాంతాన్ని ష్వాబియా అంటారు. అక్కడి వాళ్ల పొదుపు గురించి జర్మనీ అంతా జోకులేసుకుంటుంది. పైసా పైసా కూడబెట్టడంలో వాళ్ల తర్వాతే ఎవరైనా. ఎంతగా అంటే, 2008 డిసెంబర్‌లో ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభంలో మునిగి ఉన్నప్పుడు అప్పటి చాన్సలర్ అంగెలా మెర్కెల్ ఇదే స్టుట్‌గార్ట్‌లో జరిగిన తన పార్టీ మహాసభలో ష్వాబియా ఇల్లాలిని ఆదర్శంగా చూపించారు. ఆదాయానికి మించి బతకడం ఎల్లకాలం సాగదని ఆ ఇల్లాలికి తెలుసన్నారు. సరిగ్గా నాలుగు నెలలకు, 2009 ఏప్రిల్ 2న, అదే ఊరి స్టేషన్ మీద ఖర్చు పంపకాల ఒప్పందం కుదిరింది. ఆ ఇల్లాలికి ఆ కాగితాలు ఎవరూ చూపించి ఉండరు.

జనం ఊరుకున్నారా? లేదు. పార్కులో చెట్లు నరకబోతే అడ్డం పడ్డారు. 2010 సెప్టెంబర్ 30న పోలీసులు నీటి ఫిరంగులు ప్రయోగించారు. ఆ రోజును అక్కడ ఇప్పటికీ 'నల్ల గురువారం' అంటారు. 2011లో రాష్ట్ర ప్రభుత్వమే మారిపోయింది. అదే ఏడాది నవంబర్ 27న రెఫరెండం పెట్టారు. రాష్ట్రం ఈ ప్రాజెక్టు నుంచి తప్పుకోవాలా అని అడిగితే 58.9 శాతం మంది వద్దన్నారు. అంటే పని సాగింది. అయితే ఓటర్లు ఓటేసేనాటికి చెప్పిన ఖర్చు వేరు, తర్వాత తేలిన ఖర్చు వేరు. అదే అసలు చిక్కు.

ఒక్క వాక్యం ఖరీదు

2009 ఒప్పందంలో రైల్వేతోపాటు బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం, స్టుట్‌గార్ట్ నగరం, ప్రాంతీయ మండలి, ఎయిర్‌పోర్టు కూడా వాటాదారులు. 452.6 కోట్ల యూరోల దాకా ఎవరి వాటా ఎంతో పైసలతో సహా రాసుకున్నారు. మరి ఆ పైన అయితే? ఖర్చు ఇంకా పెరిగితే రైల్వే, రాష్ట్రం మాట్లాడుకుంటాయని రాశారు. అంతే! ఎవరెంత ఇవ్వాలో రాయలేదు. జర్మన్లు దీనికి 'ష్ప్రెఖ్ క్లాజెల్' అని పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే 'మాట్లాడుకుందాం' షరతు.

మన ఊళ్లో స్థలం కొన్నప్పుడు, చిట్టీ వేసినప్పుడు, బావమరిదితో కలిసి వ్యాపారం పెట్టినప్పుడు మనం చేసేదీ ఇదే కదా. 'ముందు కానీ బావా, తేడా వస్తే మాట్లాడుకుందాంలే' అనుకుంటాం. తేడా వచ్చాక మాటలే ఉండవు.

ఇక్కడా అదే జరిగింది. పెరిగిన ఖర్చులో వాటా ఇవ్వమంటూ డాయిష్ బాన్ 2016లో కోర్టుకెళ్లింది. మాట్లాడుకోవడమంటే పంచుకోవడమేనని దాని వాదన. కాదు, మాట్లాడుకోవడమంటే మాట్లాడుకోవడమే అని వాటాదారుల వాదన. 2024 మేలో స్టుట్‌గార్ట్ పాలనా న్యాయస్థానం రైల్వే కేసును కొట్టేసింది. 2025లో పై కోర్టులోనూ ఊరట దక్కలేదు. పరిమితికి పైన చేరిన 600 కోట్లకు పైగా యూరోలు రైల్వే మెడకే చుట్టుకున్నాయి. ఒక్క వాక్యం, అదీ సగం రాసి వదిలేసిన వాక్యం! లోకంలో ఇంత ఖరీదైన వాక్యాలు ఎన్ని ఉంటాయో మరి.

బేరమాడటం ఒక్కటే కొనుగోలు కాదు

ప్రొక్యూర్‌మెంట్ అనగానే మనకు గుర్తొచ్చేది బేరం. నాలుగు కొటేషన్లు తెప్పించి, తక్కువకిచ్చేవాణ్ని పిలిచి, ఇంకో రెండు శాతం తగ్గించమని ఒత్తిడి చేయడం. జర్మన్ కంపెనీలోకి కొత్తగా వచ్చిన మన కుర్రాళ్లు మొదటి నెలల్లో తడబడేది ఇక్కడే. బేరం కంటే ముందు అక్కడ రాత ఉంటుంది, చేంతాడంత రాత.

కొనేవాడు ముందు 'లాస్టెన్‌హెఫ్ట్' రాస్తాడు. నాకేం కావాలి, ఎందుకు కావాలి అనేది అందులో ఉంటుంది. అది చూసి అమ్మేవాడు 'ఫ్లిష్టెన్‌హెఫ్ట్' రాస్తాడు. నువ్వడిగినదాన్ని నేనెలా చేసిస్తాను అనేది ఇందులో ఉంటుంది. రెండింటికీ జర్మన్ ప్రమాణాల్లో నిర్వచనాలే ఉన్నాయి. ఈ రెండు కాగితాలూ ఒకదానికొకటి అతికితేనే ఆర్డరు. 'అబ్బ, ఇంత రాతకోతలెందుకు, ఫోన్ చేసి చెప్తే సరిపోదా' అని మనకనిపిస్తుంది. సరిపోదు. ఆరు నెలల తర్వాత 'నేనడిగింది ఇది కాదు' అనే రోజు వస్తే ఫోన్లో చెప్పిన మాట ఎక్కడ వెతుకుతాం?

ప్రభుత్వ సొమ్మయితే ఇంకా కట్టుదిట్టం. యూరప్ చట్టం ప్రకారం ఒక పరిమితి దాటిన పనికి టెండరును యూరప్ అంతటికీ చాటాలి. ఆ పరిమితి రెండేళ్లకోసారి మారుతుంటుంది. నిర్మాణ పనులకు 2024-25లో అది 55,38,000 యూరోలు. ఎవరికిచ్చారో తేలాక కూడా వెంటనే సంతకం పెట్టడానికి వీల్లేదు. ఓడిపోయినవాళ్లకు ఎందుకు ఓడారో, ఎవరు గెలిచారో రాసి పంపాలి. ఎలక్ట్రానిక్‌గా పంపితే పది రోజులు ఆగాలి. ఈలోగా వాళ్లు అభ్యంతరం పెడితే వినడానికి ప్రత్యేక బోర్డులున్నాయి. మన దగ్గర టెండరు దక్కని కాంట్రాక్టరు పేపర్లకెక్కుతాడు. ఇక్కడ ఆ పది రోజుల్లో బోర్డు తలుపు తడతాడు.

ఇంకో మంచి నిబంధన ఉంది. ఎవరైనా మరీ చౌకగా కోట్ చేస్తే సంబరపడి ఇచ్చేయకూడదు. ఇంత తక్కువకి ఎలా చేస్తావో లెక్క చెప్పమని అడిగి తీరాలి. సరైన జవాబు లేకపోతే ఆ టెండరు పక్కన పెట్టాల్సిందే.

'ఆ పని మన లెక్కలో లేదు గదా అన్నా!'

ఇన్ని కట్టుబాట్లుండి కూడా 250 కోట్లు 1,100 కోట్లు ఎలా అయ్యాయి? ధరలు పెరగడం ఒక కారణం. రెండోది, ముందు చూడని పనులు. జర్మన్ నిర్మాణ రంగంలో అందరూ భయపడే మాట ఒకటుంది, 'నాఖ్‌ట్రాగ్'. అంటే ఒప్పందంలో లేని పనికి అదనపు బిల్లు.

ఇల్లు కట్టించిన ప్రతి ప్రవాసికీ ఇది తెలుసు. మీరు మస్కట్‌లో ఉంటారు, ఇల్లు కరీంనగర్‌లోనో కడపలోనో లేస్తుంటుంది. మేస్త్రీ ఫోన్ చేస్తాడు. 'అన్నా, మెట్ల కింద బాత్రూం అన్నరు గదా, అది మన లెక్కల లేకుండె. ఇంకో లక్షా యాభై అయితది.' 'అదేంది తమ్మీ, మొత్తం కలిపి మాట్లాడినం గదా!' 'అప్పుడు బాత్రూం సంగతి రాలే అన్నా.' ఇదిగో, ఇదే నాఖ్‌ట్రాగ్. తక్కువకి కోట్ చేసి పని పట్టి, ఆ తర్వాత అదనపు బిల్లులతో లాభం లాగడం ప్రపంచమంతా ఉన్న విద్యే. డ్రాయింగులు పూర్తికాకముందే పని అప్పగించిన యజమాని దానికి దొరికిపోతాడు.

స్టుట్‌గార్ట్‌లో భూమి కూడా నాఖ్‌ట్రాగ్ పెట్టింది! అక్కడ సొరంగాలన్నీ కలిపితే 59 కిలోమీటర్ల దాకా ఉంటాయి. ఒక్క ఫిల్డర్ సొరంగమే 9.5 కిలోమీటర్లు. ఈ కొండల్లో అన్‌హైడ్రైట్ అనే రాతి పొర ఉంది. నీళ్లు తగలనంతసేపు బుద్ధిగా ఉంటుంది. తగిలిందా... ఉబ్బుతుంది. పైనున్న ఇళ్లను సైతం ఎత్తేయగలదు. నీటి చుక్క తగలకుండా తవ్వాలంటే పద్ధతులు మారాలి, గోడలు మందం కావాలి. డబ్బు కావాలి.

బల్లుల కథ వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. రైలు పట్టాల పక్కన రాళ్లలో వేలాది బల్లులు కాపురం ఉంటున్నాయి. అవి చట్టరక్షణ ఉన్న జీవాలు. వాటిని ఒక్కొక్కటిగా పట్టి వేరే చోట ఇళ్లు ఏర్పాటు చేయడానికి సుమారు 1.5 కోట్ల యూరోలు అవుతుందని 2017లో రైల్వే లెక్క చెప్పింది. మనకు వింతగా ఉన్నా, చట్టం ముందునుంచీ ఉంది. దాన్ని అంచనాల్లో ఎంతమేరకు పట్టించుకున్నారన్నదే ప్రశ్న. 1,100 కోట్ల ముందు 1.5 కోట్లు గోరంతే అయినా, ఇలాంటి గోరంతలు కొన్ని వందలు కలిస్తేనే కొండ.

ఒక్కడి దగ్గరే కొంటే...

కొత్త స్టేషన్ పైకప్పును 28 కాంక్రీటు స్తంభాలు మోస్తాయి. తలకిందులుగా విచ్చిన పూలలా ఉంటాయి. ఆర్కిటెక్ట్ క్రిస్టోఫ్ ఇంగెన్‌హోవెన్ 1997 పోటీలో గెలిచిన డిజైన్ ఇది. చూడటానికి ముచ్చటే. కట్టే పని స్థానిక కంపెనీ ట్సుబ్లిన్‌కి దక్కింది. ప్రతి ఒంపుకీ అచ్చు చెక్కాలి, ఇనుము వంచాలి. ఇలాంటి పనిని మధ్యలో ఇంకో కంపెనీకి మార్చడం కలలో మాట. బజారులో రెండో దుకాణం లేని వస్తువు కొన్నప్పుడు బేరం శక్తి సంతకంతోనే అయిపోతుంది. అందుకే ధర కంటే ముందు చూడాల్సింది, ఇతను చేయలేకపోతే నాకింకెవరున్నారు అని.

ఇంతకంటే పెద్ద మెలిక సిగ్నళ్ల దగ్గర పడింది. ఈ మొత్తం రైల్వే జంక్షన్‌ను డిజిటల్ చేయాలని తర్వాత నిర్ణయించారు. లైట్లుండవు. ఆదేశాలన్నీ రేడియో ద్వారా రైల్లోకే వస్తాయి. దీనికి మూడొందలకు పైగా రైళ్లలోనూ పరికరాలు మార్చాలి. 2020లో సిగ్నలింగ్ పని తాలెస్ కంపెనీకి ఇచ్చారు. 2024లో తాలెస్ తన రైల్వే విభాగాన్ని హిటాచీకి అమ్మేసింది. అంటే ఆర్డరిచ్చింది ఒకరికి, సరుకిచ్చేది ఇంకొకరు. 2026 ప్రారంభం వాయిదా పడటానికి ఈ డిజిటల్ పనుల ఆలస్యమే ముఖ్య కారణం. కాంక్రీటు గట్టిపడింది, సాఫ్ట్‌వేర్ పడలేదు!

ఈ తాలెస్ మనకు కొత్త కాదు. హైదరాబాద్ మెట్రో రైళ్లను నడిపించే సిగ్నలింగ్ కూడా ఆ కంపెనీదే.

మన మెట్రో చెప్పే కథ

హైదరాబాద్ మెట్రో ఊసెత్తితే 2008 టెండరు గుర్తుకు రావాల్సిందే. మిగతా కంపెనీలు సర్కారు గ్రాంటు ఇస్తేనే కడతామంటే మేటాస్ బృందం ఎదురు డబ్బు ఇస్తానంది. ఎంత? ఒప్పంద కాలమంతటికీ కలిపి 30,311 కోట్ల రూపాయలు! సర్కారు మురిసిపోయింది. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ మాత్రం ఈ లెక్కలో తేడా ఉందని లేఖ రాశారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బద్దలైంది. మేటాస్ అదే కుటుంబానిది కావడంతో అప్పు పుట్టలేదు. జులైలో ఒప్పందం రద్దయింది. మళ్లీ టెండర్లు పిలిస్తే 2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల గ్రాంటు అడిగి పని దక్కించుకుంది. మొదటి రైలు కదిలింది 2017 నవంబర్‌లో. ఆ కంపెనీ కూడా చివరికి 2025 సెప్టెంబర్‌లో మెట్రోను రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించడానికి ఒప్పుకుంది.

నమ్మశక్యం కాని రేటు ఎదురుగా కనిపిస్తున్నప్పుడు ఎలా అని అడగకపోవడం... ఆ తప్పుకి హైదరాబాద్ ప్రజలు ఏళ్ల తరబడి ట్రాఫిక్‌లో నిలబడి మూల్యం చెల్లించారు. జర్మన్ చట్టంలో ఆ 'లెక్క చెప్పు' నిబంధన విలువ ఇక్కడే తెలుస్తుంది.

అలాగని జర్మన్లు ఈ తప్పు చేయలేదనుకోకండి. 1993లో ఇగ్నాసియో లోపెజ్ అనే కొనుగోళ్ల బాస్ జనరల్ మోటార్స్ నుంచి ఫోక్స్‌వ్యాగన్‌కి వచ్చాడు. సప్లయర్లను పిండి ధరలు తగ్గించడంలో దిట్ట. అలా పిండినచోట నాణ్యత పడిపోయిందని ఆ దేశంలో 'లోపెజ్ ఎఫెక్ట్' అనే మాటే పుట్టింది. కార్ల ఊరైన స్టుట్‌గార్ట్‌లో ఆ మాట తెలియని పర్చేజ్ ఆఫీసర్ ఉండడు.

చివరి మెట్టు మీద నిలబడ్డవాడు

ఇప్పటిదాకా కోట్ల గురించి మాట్లాడుకున్నాం. ఇక గంట కూలి గురించి. పెద్ద కంపెనీ చౌకగా పని పట్టిందనుకోండి. అది ఇంకా చౌకగా సబ్ కాంట్రాక్టరుకిస్తుంది. అతను ఇంకొకరికి. ఇలా నాలుగు మెట్లు దిగేసరికి బేరంలో మిగిలిన భారమంతా చివర నిలబడి ఇనుము కట్టేవాడి మీద పడుతుంది. గల్ఫ్‌లో మనవాళ్లకు ఇది అనుభవమే. 2016లో సౌదీ ఓజర్ కంపెనీ కుదేలైనప్పుడు వేలాది భారతీయ కార్మికులు జీతాల్లేక క్యాంపుల్లో చిక్కుకుపోయారు.

జర్మనీలో దీనికి ఒక అడ్డుకట్ట ఉంది. మన విద్యార్థులు, కొత్తగా వచ్చినవాళ్లు చాలామందికి తెలీదు. సబ్ కాంట్రాక్టరు కనీస వేతనం ఎగ్గొడితే, ఆ పని అప్పగించిన పై కంపెనీ పూచీ పడాలి. ముందు కింది కంపెనీ మీద కేసు వేసి ఓడాల్సిన పని కూడా లేదు. నేరుగా పై కంపెనీనే అడగొచ్చు. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. పూచీ మాత్రం ఆ కనీస వేతనం వరకే. మీ జీతం అంతకంటే ఎక్కువైతే మిగతాది మీ యజమాని దగ్గరే వసూలు చేసుకోవాలి.

ఈ అడ్డుకట్టకూ ఒక చిల్లుంది. బెర్లిన్‌లో ఒక పెద్ద షాపింగ్ మాల్ కట్టిన రుమేనియా కార్మికులకు 2014లో జీతాలందలేదు. కింది కంపెనీ, పై కంపెనీ రెండూ దివాళా తీశాయి. కార్మికులు మాల్ యజమానిపై కేసు వేశారు. 2019 అక్టోబర్‌లో సమాఖ్య కార్మిక న్యాయస్థానం కుదరదంది. సొంతానికి భవనం కట్టించుకున్నవాడు ఈ చట్టం కింద పూచీదారు కాడని తీర్పు. నిర్మాణ కంపెనీల దాకే గొలుసు.

కాబట్టి సైట్లోకి అడుగుపెట్టిన మొదటి రోజే తెలుసుకోవాల్సింది, మీ కంపెనీకి పనిచ్చిన పై కంపెనీ పేరు. గేటు దగ్గర బోర్డు మీద ఉంటుంది, ఫోటో తీసుకోండి. ఏ రోజు ఎన్ని గంటలు చేశారో మీ సొంత పుస్తకంలో రాసుకోండి. సూపర్‌వైజరు సంతకం దొరికితే ఇంకా మేలు. జీతం బాకీ పడితే 'ఇస్తాళ్లే' అని ఊరుకోవద్దు. చాలా ఒప్పందాల్లో మూడు నెలల్లోగా రాతపూర్వకంగా అడగకపోతే హక్కు పోతుందని ఉంటుంది. కనీస వేతనం వరకు మాత్రం అలా పోదు. యూరప్ బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లకు ఉద్యోగ హక్కుల మీద ఉచితంగా సలహా ఇచ్చే 'ఫేర్ ఇంటెగ్రాసియోన్' కేంద్రాలు ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఒప్పంద పత్రం, గంటల పుస్తకం, బోర్డు ఫోటో... మూడూ వెంట తీసుకెళ్లండి.